దేవరమెట్ల సమతౌల్య బల్ల

మా దేవరమెట్ల మున్సిపల్ కమిషనరు పరాంకుశం గారు ఏదో చల్లటి ఊళ్లో శిక్షణకు వెళ్లి సమతౌల్యం నేర్చుకొచ్చారు. వెళ్లకముందు ఆయన మామూలు మనిషే. కుళాయి రాలేదంటే రేపొస్తుందనేవారు, రేపు అడిగితే సెలవులో ఉండేవారు. ఊరికి ఆయనతో పేచీ లేదు, ఆయనకు ఊరితో పనిలేదు.

ఆ శిక్షణలో ఆహారంలో సమతౌల్యంతో మొదలుపెట్టి, ఖర్చులో, కోపంలో, చివరికి మాటలో కూడా సమతౌల్యం ఉండాలని చెప్పారట. మిగతా ఊళ్ల కమిషనర్లు పాఠాన్ని అక్కడే వదిలేసి, తలా ఒక ఉన్ని శాలువా కొనుక్కుని ఇళ్లకు చేరారు. మా ఊరి గ్రహచారం కొద్దీ పరాంకుశం గారు శాలువా కొనలేదు, పాఠం తెచ్చారు.

అప్పటిదాకా మా ఊళ్లో ప్రతి టీ బంకు మీదా 'ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు' అని ఒక బోర్డు ఉండేది. దాని కిందే కూర్చుని అందరం రాజకీయాలు మాట్లాడుకునేవాళ్లం. బోర్డుకు మావల్ల ఇబ్బంది లేదు, మాకు బోర్డు వల్ల ఇబ్బంది లేదు. కమిషనరు గారి కంటికి ఇది పెద్ద లోపంగా కనబడింది. మాటలు ఆపించడం రాజ్యాంగ విరుద్ధమని లీగల్ సలహాదారు చెప్పడంతో, బోర్డులు పీకించి కొత్త ఆదేశం జారీ చేశారు. దాన్ని మైకులో ఊరంతా చదివించారు.

"పట్టణ పరిధిలోని ప్రతి కూర్చుండు వసతియందు, జాతీయ రాజకీయములు, పార్టీ నాయకత్వములు, వర్తమాన వ్యవహారములపై వెలువడు అభిప్రాయములు ఉభయ పక్షములకు సమపాళ్లలో ఉండవలెను. ఒక పక్షము మాత్రమే వినబడిన యెడల సదరు వసతి యొక్క లైసెన్సు రద్దు చేయబడును."

ఉభయ పక్షాలంటే, ఢిల్లీలో ఏలుతున్న కవ్వం పార్టీ, ఏలాలని చూస్తున్న చెంబు పార్టీ. ఇంకా పార్టీలున్నాయి గదా అని ఎవరో అడిగితే, త్రాసుకు రెండే పళ్లేలుంటాయని కమిషనరు గారు జవాబిచ్చారు. అమలు చూసే బాధ్యత దయానిధి అనే ఉద్యోగికి అప్పగించారు. ఈయన నిన్నటిదాకా దోమల విభాగంలో ఉండి నిలవనీళ్లు పట్టుకునేవాడు. ఇప్పుడు సమతౌల్య పరిశీలకుడయ్యాడు. నీళ్లయినా అభిప్రాయమైనా ఒకేచోట నిలవుంటే పురుగు పడుతుందని, పని మారినా సూత్రం మారలేదని అందరికీ చెప్పుకుని తిరిగేవాడు.

ఇక ఊళ్లో తిప్పలు మొదలయ్యాయి. బస్టాండు దగ్గరి హోటల్లో కూర్చునేవాళ్లంతా కవ్వం వాళ్లు. ఆ యజమాని చెంబు అభిమానుల కోసం పక్క ఊళ్లకు మనుషుల్ని పంపాడు. మార్కెట్ యార్డు దగ్గర దీనికి తలకిందులు. సరైన అభిప్రాయం ఉన్నవాడికి ఉప్మా ఊరికే పెట్టారు, రెండో ప్లేటు అడిగినా కాదనలేదు. ఏ అభిప్రాయమూ లేని మా వీధి సోమరిపోతులు పొద్దున్నే లేచి, ఏ హోటల్లో ఏది తక్కువైందో కనుక్కుని, దానికి తగ్గ అభిప్రాయం పెట్టుకుని బయలుదేరేవారు.

ఒక్క కుర్చీయే ఉన్న క్షౌరశాలలో మాట్లాడేవాడొకడు, గొరిగేవాడొకడు. కాబట్టి వచ్చినవాడు ఏమంటే దానికి ఎదురు చెప్పాల్సిన భారం మంగలి మీద పడింది. కత్తి మెడ మీద ఉండగా ఎదుటి పక్షం వినడం ఎంత తేలికో మాకు అప్పుడే తెలిసింది. ఒక పెళ్లి భోజనాల్లో దయానిధి గారు వరస మధ్యకొచ్చి రసం ఆపించారు. మగపెళ్లివారి వరసంతా చెంబేనట. ఆడపెళ్లివారి వైపు నుంచి ఇద్దరు కవ్వం మేనమామల్ని అరువు తెచ్చి కూర్చోబెట్టాకే రసం గరిటె కదిలింది.

నాది బజారులో ఫొటో స్టూడియో. ఫోన్లొచ్చాక ఫొటోలు దిగేవాళ్లు తగ్గి, నాకు లోకాన్ని చూసే తీరిక పెరిగింది. నా స్టూడియోకు ఎదురుగా ఖాజావలి టీ బంకు. దాని ముందు ఒక పాత చెక్కబల్ల. ఆ బల్లకు ఈ చివర అంకమ్మరావు, ఆ చివర యోహాను. అంకమ్మరావు పత్తి విత్తనాల కొట్టు నడిపి కొడుక్కి అప్పజెప్పినవాడు, పుట్టు కవ్వం. యోహాను రిటైరైన బస్సు డ్రైవరు, కరుడుగట్టిన చెంబు. ఇద్దరూ ఒకే బళ్లో చదివారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పొద్దున్నే ఆ బల్ల మీద కూర్చుని పోట్లాడుకుంటున్నారు.

ధరలు, పన్నులు, ఢిల్లీ పెద్దాయన విదేశీ ప్రయాణాలు, చెంబు పార్టీకి అధ్యక్షుడెవరు కావాలి, అయినాయన్ని ఎప్పుడు దించాలి, అన్నీ వాళ్లకే కావాలి. అన్నిటికంటే పెద్ద తగువు రైలు గురించి. మా ఊరికి రైలు వేస్తామని ఢిల్లీ వాళ్లు ఎప్పుడో శంకుస్థాపన చేసి, ఊరి చివర ఒక ప్లాట్‌ఫారం కట్టి, పట్టాలు మర్చిపోయారు. ఆ ప్లాట్‌ఫారం మీద మేకలు పడుకుంటాయి. రైలు రాదని యోహాను, వస్తుందని అంకమ్మరావు. సర్వే అయిందనీ, భూమి తేలాలనీ, కంకర బయలుదేరిందనీ, పెద్ద పనులకు టైం పడుతుందనీ అంకమ్మరావు ఎన్నేళ్లుగానో పార్టీ తరఫున కాపలా కాస్తున్నాడు.

దయానిధి గారు ఒక పొద్దున వచ్చి, ఆ బల్ల పక్కన నిలబడి ఈ తగువు ఆసాంతం విన్నారు. విని మురిసిపోయారు. వెతక్కుండా, ఉప్మా పెట్టకుండా, సహజసిద్ధంగా దొరికిన సమతౌల్యం ఊరు మొత్తం మీద ఇదొక్కటే. కమిషనరు గారు స్వయంగా వచ్చి దాన్ని 'ఆదర్శ సమతౌల్య బల్ల'గా ప్రకటించారు. బల్లకు ఇనప కంచె కట్టించారు. వెనక గోడ మీద పెయింటరు చేత ఒకవైపు 'కవ్వం - శ్రీ అంకమ్మరావు' అనీ, రెండోవైపు 'చెంబు - శ్రీ యోహాను' అనీ రాయించారు. ఫొటో నేనే తీశాను. చుట్టుపక్కల మున్సిపాలిటీల వాళ్లు వచ్చి, కంచె అవతల నిలబడి వీళ్ల పోట్లాట చూసి, టీ తాగి పోయేవారు. ఖాజావలి రెండో పొయ్యి పెట్టాడు. కూతుర్ని నర్సింగులో చేర్పించాడు.

అంతా బాగుందనుకుంటున్నప్పుడు పెద్దాయన టీవీలో మాట్లాడారు.

పెద్దాయనంటే కవ్వం పార్టీ అధినేత. ఢిల్లీలో కోట గోడ మీద నిలబడి, దేశం సాధించినవన్నీ ఏకరువు పెడుతూ మా ఊరి పేరెత్తారు. ఊరంతా ఉలిక్కిపడింది. దేవరమెట్ల రైలు మార్గం పూర్తయిందనీ, ఆ రైలెక్కి చదువుకోడానికి వెళుతున్న ఆడపిల్లల మొహాల్లో తాను కొత్త వెలుగు చూశాననీ సెలవిచ్చారు.

అప్పుడు అంకమ్మరావు ఇంట్లో టీవీ ముందే ఉన్నాడు. పక్కన మనవరాలు ఉషశ్రీ ఉంది. ఆ పిల్ల జిల్లా కేంద్రంలో కాలేజీలో చదువుతోంది. తెల్లారగట్ల లేచి, షేర్ ఆటోలో మెయిన్ రోడ్డుకు పోయి, రెండు బస్సులు మారి వెళుతుంది. రైలొస్తే నీ కష్టాలు తీరతాయమ్మా అని తాత ఆ పిల్లకు పలక పట్టిన నాటి నుంచీ చెబుతున్నాడు. పెద్దాయన ఆ మాట అనగానే ఉషశ్రీ తల తిప్పి తాత వంక చూసిందట. లేచి పోయి, మర్నాటికి బట్టలు ఇస్త్రీ చేసుకుందట.

మర్నాడు పొద్దున యోహాను బల్ల దగ్గరకు చాలా ఉషారుగా వచ్చాడు. ఇలాంటి అవకాశం కోసమే బతికినవాడిలా మీసం దువ్వుకుని కూర్చున్నాడు. అంకమ్మరావు వచ్చి, టీ గ్లాసు పట్టుకుని, చాలాసేపు తాగకుండా కూర్చున్నాడు.

"రాలేదంటే సర్దిచెప్పా. ఆలిస్యమైందంటే సర్దిచెప్పా. నడస్తందంటే ఎట్టా సర్దిచెప్పేది యోహానూ," అన్నాడు చివరికి. "నువ్వన్నదే నిజం. రైలు లేదు."

జీవితమంతా వినాలనుకున్న మాట విన్న యోహాను సంతోషించాలి గదా. బిక్కమొహం వేశాడు. నాలుగు దిక్కులా చూసి, గట్టిగా అనబాకయ్యా అని గొణిగాడు. అప్పటికే ఆలస్యమైంది. కంచె అవతల దయానిధి గారు ఉన్నారు. బల్లకు రెండు చివరలా ఒకటే అభిప్రాయం నిలవుండటం ఆయన కళ్లారా చూశారు.

సాయంత్రానికల్లా ఖాజావలికి నోటీసొచ్చింది. సమతౌల్యం పునరుద్ధరించకపోతే బంకు మూసేయాలి. వేరే కవ్వం మనిషిని తెచ్చి కూర్చోబెడదామని ఖాజావలి ఊరంతా తిరిగాడు. టీవీ ప్రసంగం తర్వాత కవ్వం వాళ్లకు కరువొచ్చింది. ఉన్న కొద్దిమందీ పెద్ద హోటళ్లలో మూడు పూటలా భోజనం మీద కుదురుకున్నారు. అయినా అంకమ్మరావుతో మాత్రం ఖాజావలి ఒక్క మాట అనలేదు. రోజూ ఇచ్చే టీయే ఇచ్చాడు. ఆ మంచితనమే అంకమ్మరావును ఎక్కువ బాధపెట్టింది.

మమ్మల్నందరినీ కమిషనరు గారు తన గదికి పిలిపించారు. బల్ల ఫొటో తీసినవాణ్ణి కాబట్టి నేనూ సాక్షినట. పరాంకుశం గారు అంకమ్మరావును ఎంతో మర్యాదగా కూర్చోమన్నారు.

"చూడండి అంకమ్మరావు గారూ. అభిప్రాయం మీ సొంతం కావచ్చు. మేము కాదనడం లేదు. కానీ ఆ స్థానం మున్సిపాలిటీది."

"రైలు లేదండీ," అన్నాడు అంకమ్మరావు.

"రైలు ఉన్నదా లేదా అనేది తేల్చడం మా పరిధిలోకి రాదు. ఉన్నదనువారు ఒకరు, లేదనువారు ఒకరు, ఇరువురూ హాజరులో ఉన్నారా లేదా అన్నంతవరకే మా పరిధి."

ప్లాట్‌ఫారం ఇక్కణ్ణించి నడిచిపోయేంత దూరమేననీ, ఒకసారి చూసొద్దాం రమ్మనీ యోహాను అన్నాడు. అలా ముందే చూసి వస్తే పక్షపాతం ఏర్పడుతుందని కమిషనరు గారు ఒప్పుకోలేదు. పైగా గురువారం రాజధాని నుంచి, కమిషనర్లకు ఆ శిక్షణ ఇప్పించిన సమతౌల్య సంచాలకురాలు స్వయంగా ఆదర్శ బల్లను చూడటానికి వస్తున్నారు. ఆ రోజు బల్ల మీద కవ్వం పలకకపోతే బంకు అదే సాయంత్రం పడగొట్టిస్తామనీ, అభిప్రాయం మార్చుకునే పౌరులకు నిబంధనల్లో ఎక్కడా వీలు కల్పించబడలేదనీ చెప్పి బెల్లు కొట్టారు.

గురువారం పొద్దున అంకమ్మరావు ముందు నా స్టూడియోకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు గానీ మొహం పీక్కుపోయి ఉంది.

"అంటాలే," అన్నాడు. "ఖాజా పిల్లలుగలోడు. ఒక్క మాటేగా. రైలు నడస్తందంటే నా నోరేం పడిపోదు."

నాకు ఒళ్లు మండింది. అంకమ్మరావు మీద కాదు. ఎన్నో ఏళ్లు నమ్మి అబద్ధం చెప్పినప్పుడు ఈయన్ని ఎవరూ ఆపలేదు, ఇప్పుడు నమ్మకం పోయాక కూడా అదే చెప్పమంటున్నారు. ముసలాయన చేత ఈ పని చేయించేవాళ్లంతా బిళ్ల బంట్రోతుతో సహా నాకు పరమ నీచంగా కనబడ్డారు. అలాగని నేను చేసిందేమీ లేదు. కెమెరా తీసుకుని ఆయన వెనక నడిచాను.

సంచాలకురాలు మేడమ్ కంచె అవతల కుర్చీలో కూర్చున్నారు. చేతిలో చిన్న విసనకర్ర, మొహాన చిరునవ్వు. ఒక పక్క పరాంకుశం గారు, ఒక పక్క దయానిధి గారు. బజారు బజారంతా వెనక నిలబడింది. ఖాజావలి పొయ్యి దగ్గర చేతులు తుడుచుకుంటున్నాడు, తుడిచిందే తుడుస్తున్నాడు. ఇక ప్రారంభించవచ్చునని కమిషనరు గారు సైగ చేశారు.

అంకమ్మరావు గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ సవరించుకున్నాడు.

అప్పుడు బల్ల ఆ చివర నుంచి యోహాను మాట్లాడాడు.

"రైలెందుకు లేదయ్యా. నడస్తందిగా. నేను మొన్నే ఎక్కొచ్చా."

అంకమ్మరావు తిరిగి చూశాడు. యోహాను ఆయన వంక చూడకుండా, ఎదురుగా శూన్యంలోకి చూస్తూ సాగించాడు. బస్సు డ్రైవరుగా ముప్పుతిప్పలు పడ్డవాడు గనక రైలు సుఖం ఎలా ఉంటుందో తెలుసు. కుదుపు లేదన్నాడు. కిటికీ దగ్గర గాలి చల్లగా వస్తుందన్నాడు. సర్వే అయ్యాక భూమి తేలిందన్నాడు, కంకర బయలుదేరి వచ్చిందన్నాడు, పెద్ద పనులకు టైం పడుతుంది గానీ పెద్దాయన మాటిస్తే తప్పడన్నాడు. అన్నీ అంకమ్మరావు మాటలే. వినీ వినీ యోహానుకు నోటికొచ్చేశాయి. అంకమ్మరావు కంటే బాగా చెప్పాడు కూడా.

అంకమ్మరావుకు సంగతి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"లేదు," అన్నాడు. ఈసారి మాట వెంటనే వచ్చింది. "రైలు లేదు. నా మనవరాలు రెండు బస్సులు మారి పోతంది. ఇయ్యాల కూడా అట్టానే పోయింది."

దయానిధి గారు తృప్తిగా తల ఊపారు. మేడమ్ చప్పట్లు కొట్టారు. ఇరు పక్షాలూ ఎంతో గౌరవప్రదంగా వాదించాయనీ, అయితే యోహాను గారి పక్షంలో వివరాలు ఎక్కువగా ఉన్నాయనీ మెచ్చుకున్నారు. ఇంత దూరం జీపులో వచ్చి నడుం పట్టేసింది గనక, తిరుగు ప్రయాణం ఆ రైల్లోనే పెట్టుకుంటామన్నారు.

పరాంకుశం గారి మొహంలో నెత్తురు లేదు. రైలు లేదని చెబితే ఢిల్లీ పెద్దాయన మాటను కాదన్నట్టు, పైగా ఒక పక్షం వహించినట్టు. ఉందని చెబితే ఎక్కించాలి. సమతౌల్యంతో ఆలోచించి, "తమరి చిత్తం" అన్నారు. జీపులు ప్లాట్‌ఫారానికి బయలుదేరాయి. మేం వెనక నడిచాం.

మేకల్ని లేపి కుర్చీలు వేశారు. మేడమ్ గారు పెట్టె పక్కన పెట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా పట్టాలు ఉండాల్సినచోట తుమ్మచెట్లు మొలిచి ఉన్నాయి. దాన్ని గురించి ఎవరూ ఏమీ అనలేదు. కాసేపటికి దయానిధి గారు లేచి, ఈ ప్లాట్‌ఫారం కూడా కూర్చుండు వసతే అవుతుందనీ, ఇక్కడ కూర్చున్నవారంతా రైలు వస్తుందనే పక్షమే గనక ఆదేశం ఉల్లంఘన జరుగుతోందనీ విన్నవించారు. మేడమ్ నిజమేనన్నారు. అప్పుడు అంకమ్మరావు కోసం ఒక కుర్చీ తెప్పించారు.

అలా ఆ మధ్యాహ్నమంతా గడిచింది. కమిషనరు గారు సైగ చేసినప్పుడల్లా అంకమ్మరావు "రైలు రాదండీ" అనేవాడు. మేడమ్ శ్రద్ధగా విని తల ఊపేవారు. యోహాను "వస్తది, లేటు" అనేవాడు. దానికీ అంతే శ్రద్ధగా తల ఊపేవారు. ఖాజావలి బంకు నుంచి టీలు రెండుసార్లొచ్చాయి. పొద్దు వాలే వేళకు మేడమ్ గారు వాచీ చూసుకుని, వేరే పనులున్నాయని జీపెక్కారు.

ఆవిడ నివేదిక పేపర్లో పడింది. రైలు ఆలస్యముగా నడుచుచున్నదను అభిప్రాయమును, రైలే లేదను అభిప్రాయమును దేవరమెట్లయందు సమపాళ్లలో వినబడినవనీ, ఇది రాష్ట్రానికే ఆదర్శమనీ రాశారు. కమిషనరు గారికి బదిలీతో కూడిన ప్రమోషనొచ్చింది. ఖాజావలి లైసెన్సు నిలిచింది. వచ్చినవాళ్లందరికీ ఒకరోజు టీ ఊరికే పోశాడు. పోస్తూ పోస్తూ ఏడ్చాడు.

యోహాను సంగతే బాగాలేదు. గోడ మీద పేర్లు తారుమారు చేసి రాశారు. చెంబు పార్టీ కుర్రాళ్లు ఇంటికొచ్చి, ఎంతకు అమ్ముడుపోయావని అడిగారట. చర్చిలో పక్కన కూర్చునేవాళ్లు జరిగి కూర్చున్నారట. బతుకంతా ఒకే మాట మీద నిలబడ్డ మనిషి, బల్ల మీద కూర్చుని రోజూ ఆ మాటకు ఎదురు చెప్పాల్సి వస్తే ఎలా ఉంటుందో నేను ఎదుటి నుంచి చూస్తూనే ఉన్నాను. మూడు పొద్దులు చూసి అంకమ్మరావు ఉండబట్టలేకపోయాడు.

"యోహానూ, మన బళ్లో ఒకటే పుస్తకం మార్చి మార్చి చదువుకోలా. ఇదీ అట్టానే. ఒక రోజు నిజం నువ్వు చెప్పు, ఒక రోజు నేను. మిగిలినోడు అబద్ధం చూసుకుంటాడు."

యోహాను, ఆదివారం నిజం తనకే కావాలనీ, చర్చికి పోయే ముందు అబద్ధమాడలేననీ అన్నాడు. అంకమ్మరావు ఒప్పుకున్నాడు. ఇద్దరూ హాజరులో ఉన్నంతకాలం తనకు అభ్యంతరం లేదని దయానిధి గారు చెప్పి, గోడ మీద పేర్లు రోజూ మార్చుకునేందుకు వీలుగా రెండు పలకలు తగిలించి వెళ్లారు.

మర్నాడు నిజం యోహానుది. తెల్లారింది. ఖాజావలి మొదటి టీలు ఇచ్చాడు, దయానిధి గారు కంచె దగ్గర నిలబడ్డారు. యోహాను రైలు లేదన్నాడు. కొన్ని రోజులుగా గొంతులో ఇరుక్కున్నది బయటపడ్డట్టు, చెంబు కుర్రాళ్లంతా వినేలా గట్టిగా అన్నాడు. ఇక అంకమ్మరావు వంతు.

అంతలో ఉషశ్రీ భుజాన సంచీతో బజారు మీదుగా పరుగున వచ్చింది. ఆటో అప్పటికే నిండిపోయి ఉంది. తాతకు చెయ్యూపి, డ్రైవరు పక్కన సగం సీటు మీద ఒరిగి కూర్చుంది. దయానిధి గారు కానివ్వమన్నారు. అంకమ్మరావు టీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఆటో మలుపు తిరిగి పూర్తిగా కనుమరుగయ్యేదాకా ఆగి, అప్పుడు తలవంచుకుని, రైలు నడుస్తోందన్నాడు.